దూరవిద్య బీఈడీ అందరికీ కాదు

దూరవిద్యలో బీఈడీ చేసేద్దాం అనుకునేవాళ్లు అప్లికేషన్ ఫీజు కట్టకముందే, టీచర్ ట్రైనింగ్ కోర్సులకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ పెట్టిన అర్హత నిబంధన ఒకటికి రెండుసార్లు చదవండి. డిగ్రీలో 50 శాతం మార్కులుంటే సరిపోదు. ఇప్పటికే ట్రైనింగ్ పూర్తిచేసి ఎలిమెంటరీ తరగతులకు చెబుతున్న టీచరైనా అయ్యుండాలి, లేదా డీఎడ్ (చిన్న క్లాసుల టీచర్ల ట్రైనింగ్) లాంటి కోర్సు రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లి చదివైనా ఉండాలి. ట్రైనింగ్ లేకుండా ప్రైవేటు స్కూల్లో ఎన్నేళ్లు చెప్పినా ఆ అనుభవం ఇక్కడ లెక్కలోకి రాదు.

మా వదినది సరిగ్గా ఇదే పరిస్థితి. బీఏ చదివింది, ఊళ్లోనే ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతుంది, ఇద్దరు పిల్లలు. ఇల్లు కదలకుండా ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో చేసేస్తానంది. అర్హత సంగతి అలా ఉంచండి, ఇగ్నో బీఈడీ ఇంగ్లీషు, హిందీ మీడియాల్లోనే ఉంది, చదువంతా తెలుగు మీడియంలో సాగిన మనిషికి అదో తలనొప్పి. పైగా దూరవిద్య అన్నారు కదా అని ఇంట్లో కూర్చుంటే కుదరదు, అక్కడా వర్క్‌షాపులకు వెళ్లాలి, స్కూల్లో ఇంటర్న్‌షిప్ చేయాలి.

ఈలోగా ఒక ఏజెంటు ఫోన్ చేశాడు. పక్క రాష్ట్రంలో కాలేజీ అట, నాన్ అటెండింగ్ అట, పరీక్షలకు వస్తే చాలట, రికార్డులు కూడా వాళ్లే రాయించి పెడతారట! నిబంధనల ప్రకారం క్లాసులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. రేపు డీఎస్సీలో ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో "ఆ రెండేళ్లూ మీరు ఇక్కడే పనిచేశారు కదమ్మా, అక్కడెలా చదివారు?" అంటే ఆ ఏజెంటు ఫోనైనా ఎత్తుతాడా?

అన్నీ చూశాక నేను చెప్పింది ఒకటే, "బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాయి వదినా, కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లలో, దగ్గర్లోని రెగ్యులర్ కాలేజీ చూసుకో" అని. ఎడ్‌సెట్‌కి గరిష్ఠ వయసు అడ్డం కాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి మాత్రం వయసు నిబంధన ఉంది, అది ముందే చూసుకోవాలి. జీతం పోతుంది, నిజమే. రెండేళ్లలో 20 వారాలు స్కూళ్లలోనే గడపాలి, అందులో 16 వారాలు రెండో ఏడాదే. అందుకే కాలేజీ బిల్డింగ్ చూసి మురిసిపోకుండా ఇంటర్న్‌షిప్‌కి ఏ స్కూళ్లు ఇస్తారు, సాయంత్రం ఆఖరి బస్సు ఎప్పుడు అని సీనియర్లను అడగండి. రికార్డుల పని ఎలాగూ తప్పదు. పాఠానికో లెసన్ ప్లాన్, లక్ష్యాలు ఒక గడిలో, బోధనోపకరణాలు ఇంకో గడిలో, నల్లబల్ల పని మరో గడిలో, అంతా చేత్తో రాయాలి, సూపర్‌వైజర్ సంతకం లేని పేజీ మళ్లీ మొదటికే. దానికి తోడు చార్టులు. ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదైతే ఇవన్నీ ఎప్పుడు రాస్తారు?

చిన్న క్లాసులకు చెప్పాలనుంటే మాత్రం బీఈడీ జోలికే వెళ్లకండి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ప్రైమరీ (1 నుంచి 5 తరగతుల) టీచరు పోస్టులకు బీఈడీ చెల్లదు. ఇంటర్ అర్హతతో డీఎడ్ ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రాసి డైట్‌లో (ప్రభుత్వ టీచర్ ట్రైనింగ్ కాలేజీలో) సీటు తెచ్చుకుంటే ఫీజు కూడా తక్కువే.

వదినకు హైస్కూలు పిల్లలే ఇష్టం, కాబట్టి బీఈడీలో సోషల్ మెథడాలజీ, అంటే సోషల్ బోధించే పద్ధతులు, ఎంచుకుంది. కాలేజీలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో బస్టాండు పక్క కాలేజీని మొదట పెట్టింది, అన్నయ్య మెచ్చిన పేరున్న కాలేజీని నాలుగో దాంట్లో పెట్టింది.