బడి పుస్తకం మండలానికి చేరేలోపు

ప్రభుత్వ బడి పుస్తకంలో పాఠం రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి అయిన ఎస్‌సీఈఆర్‌టీది, ముద్రణ టెండరు దక్కినవాళ్లది. తిరుపతి షాపుల్లో గైడ్లు అమ్మే వ్యాపారానికీ దీనికీ పోలికే లేదు. జూన్ 12న బడులు తెరిచేసరికి పుస్తకం చేతిలో ఉండాలి, అంతే.

తప్పు ఎక్కువగా ఎన్ని ప్రతులు కావాలో రాసి పంపే ఇండెంటులోనే మొదలవుతుంది. బడుల వివరాల డేటాబేసు యూడైస్‌లోని పిల్లల సంఖ్య చూసి ప్రతులు లెక్కగడతారు. వేసవిలో బడి మారినవాళ్లు అందులో కనిపించరు. ఒక మండలంలో కట్టలు మిగిలిపోతే, పక్క మండలంలో చాలవు.

కాగితం సంగతి చూద్దాం. ఏ4 సైజులో 160 పేజీలంటే 80 ఆకులు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితమైతే అట్ట కాకుండానే 350 గ్రాములు. పదివేల ప్రతులకు మూడున్నర టన్నులు, తరుగు వేరే. పేజీలు 16 చొప్పున ఒక్కో పెద్ద షీటు మీద, అంటే ఫారాలుగా అచ్చవుతాయి కాబట్టి, రెండు పేజీల కోసం ఇంకో ఫారం పడే 162 పేజీల పుస్తకం దండగ బేరం. తెలుగు, ఇంగ్లిషు ఎదురెదురుగా ఉండే ద్విభాషా పుస్తకాలతో ఇంకో తలనొప్పి: పని చివరి దశలో ఒకవైపు పేరా పెరిగి పేజీ జరిగిందా, ఆ తర్వాతి జతలన్నీ చెడినట్టే. ఫైలు ఖాయమయ్యాక సవరణలు పంపే అధికారి కన్నా ప్రెస్సుకు శత్రువు లేడు!

నగరి, సత్యవేడు, కుప్పం వైపు తమిళ మీడియం పుస్తకాలకు ప్రతులు తక్కువ. అచ్చు ప్లేట్ల ఖర్చు మాత్రం తగ్గదు. వీటిని ముందే అచ్చుకెక్కించమని షెడ్యూలులో రాయించుకోవాలి.

మండల వనరుల కేంద్రంలో సరుకు దించుకునేటప్పుడు కట్టలు లెక్కబెడితే చాలదు. ఒక్కో టైటిల్‌లో ఒక కట్ట విప్పి, ఫారాల వరుస చూశాకే చలానా మీద సంతకం పెట్టండి.