నోరు కట్టుకున్నా తగ్గని నొప్పి

సీలియాక్, అంటే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు, అని తేలాక ఆ గ్లూటెన్ ఉండే గోధుమ, బార్లీ, రై మానేస్తే చాలు, పేగు మెల్లగా కోలుకుంటుందన్నారు. మానేశాను. విరేచనాలు ఆగాయి, ఒంటికి రక్తం పట్టింది, బరువు పెరిగాను. నొప్పి మాత్రం పోలేదు. తిన్న కాసేపటికి బొడ్డు చుట్టూ మెలిపెట్టేది, పొట్ట డప్పులా ఉబ్బేది.

ఎవరికి చెప్పినా ఒకటే మాట: "ఎక్కడో గ్లూటెన్ తగిలుంటుంది, చూసుకో." చూసుకోకుండా ఉంటానా? గ్లూటెన్ లేదని రాసిన ప్యాకెట్లో కూడా కిలోకి 20 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని తెలుసుకున్నాను. మందుబిళ్లల్లో కలిపే పిండి గురించి కూడా వాకబు చేశాను. సీలియాక్‌కి చేసే టీటీజీ రక్తపరీక్ష నార్మల్. మళ్లీ ఎండోస్కోపీ చేసి ముక్క పరీక్షకు పంపితే, పేగు లోపల పోషకాలు పీల్చుకునే, అరిగిపోయిన చూషకాలు తిరిగి లేచాయని వచ్చింది. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకునే డాక్టరుగారు, "నోరు కట్టుకోలేకపోతున్నారేమో. లేదంటే టెన్షన్" అన్నారు. అదీ మావారి ముందు. దారిలో ఈయన, "నిజం చెప్పు, ఏమైనా తిన్నావా?" అని అడిగారు. చాలా రోజులు ఈయనతో ముభావంగానే ఉన్నాను.

తర్వాత ఒక రాత్రి నొప్పి అసలు విడవలేదు. వాంతులు మొదలయ్యాయి. ఎమర్జెన్సీలో సీటీ స్కాన్ తీసి, చిన్నపేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరిందన్నారు. పెద్దవాళ్లలో ఇలా అయితే లోపల గడ్డ ఉండే అవకాశం ఎక్కువట, ఆపరేషన్‌కి సిద్ధంగా ఉండమన్నారు. సీలియాక్ ఉన్నవాళ్లకి అరుదుగా పేగులో లింఫోమా అనే క్యాన్సర్ వస్తుందని ఎప్పుడో చదివాను. గడ్డ అన్న మాట చెవిన పడ్డాక ఇంకేమీ వినపడలేదు. మావారు సంతకం పెట్టాల్సిన కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరమ్మాయి నా పాత ఫైలంతా తిరగేసింది. సీలియాక్ ఉన్నవాళ్లలో పేగు ఇలా దూరి తనంతట తానే వెనక్కి రావడం ఉంటుందని, స్కాన్‌లో పేగు మూసుకుపోయిన లక్షణాలు లేవు కాబట్టి కాస్త ఆగి మళ్లీ స్కాన్ చేద్దామని సర్జన్‌గారితో వాదించింది. ఆయన విసుక్కున్నారు, కానీ ఆగారు. తెల్లారి స్కాన్‌లో పేగు సర్దుకుని ఉంది. గడ్డా లేదు, ఏమీ లేదు.

ఆ అమ్మాయి చెప్పిన చోటికే వెళ్లాను. అక్కడి డాక్టరుగారు గ్లూకోజ్ నీళ్లు తాగించి, గొట్టంలోకి ఊదించి హైడ్రోజన్ పరీక్ష చేశారు. చిన్నపేగులో ఉండాల్సినదానికన్నా ఎక్కువ బాక్టీరియా చేరింది. రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చి, కొన్నాళ్లు పాలు మానమన్నారు. ఆ రాత్రికీ దీనికీ సంబంధం ఉందో లేదో ఆ డాక్టరుగారు కూడా తేల్చి చెప్పలేదు. నొప్పి మాత్రం తగ్గుతూ వచ్చింది.

పథ్యం సరిగ్గా చేస్తున్నా నొప్పి ఉందంటే, పాలు పడకపోవడం, బాక్టీరియా, పెద్దపేగు వాపు, క్లోమం ఎంజైములు తగ్గడం, ఇవన్నీ చూశారా అని మొహమాటం లేకుండా అడగండి. బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా టెన్షన్ అంటే ఊరుకోకండి.

అంతా దేవుడి దయ అంటుంది అమ్మ. కాదనను. ఆ అమ్మాయికి ఆ రాత్రి డ్యూటీ పడకపోయి ఉంటే మాత్రం పొట్ట కోసేవాళ్లే.