ఫ్రీరేడియస్: అన్నీ ఎక్కాయి, ఆండ్రాయిడ్ ఒక్కటే మొండికేసింది

ఎట్టకేలకు ఆండ్రాయిడ్ ఫోన్ కూడా వైఫై ఎక్కింది! వారాంతం మొత్తం మింగేసిన సమస్య చివరికి సర్టిఫికెట్‌లో ఒక్క లైను దగ్గర తేలింది.

సెటప్ ఇదీ: పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ 12 లినక్స్, దాని మీద ఫ్రీరేడియస్ 3.2.1 (వైఫై ఎక్కేవాళ్ల లాగిన్ సరిచూసే సర్వర్ సాఫ్ట్‌వేర్). వైఫైకి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లకు వేసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) వేసిన రూటర్. నెట్ కనెక్షన్‌తో వచ్చిన డబ్బాలో ఎంటర్‌ప్రైజ్ (ఒక్కొక్కరికీ విడి లాగిన్ ఇచ్చే పద్ధతి) ఆప్షనే లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో కూడా డబ్ల్యూప్యాడ్-బేసిక్ అనే వైఫై ప్యాకేజీ తీసేసి పూర్తి ప్యాకేజీ వేసుకోవాల్సిందే. ఇంట్లో వైఫైకి ఇంత హంగామా ఎందుకంటే, పండక్కి వచ్చిన ప్రతి చుట్టానికీ ఒకటే పాస్‌వర్డ్ చెప్పడం, తర్వాత దాన్ని మార్చాలంటే ఇంట్లోని ఫోన్లన్నీ ముందేసుకుని కూర్చోవడం... విసుగొచ్చింది.

సర్వర్‌ని పరీక్షించే రాడ్‌టెస్ట్ పాస్. పీఈఏపీతో (సర్వర్‌ని సర్టిఫికెట్‌తో గుర్తించి, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) ల్యాప్‌టాప్ ఎక్కింది. ఐఫోన్ సర్టిఫికెట్ చూపించి 'ట్రస్ట్' నొక్కమంది, అంతే.

ఇక ఆండ్రాయిడ్. ఒకప్పుడు 'డు నాట్ వాలిడేట్' (సర్టిఫికెట్ సరిచూడొద్దు) అని పెట్టేసి గట్టెక్కేవాళ్లం. 2020 డిసెంబర్ అప్‌డేట్‌తో పిక్సెల్ ఫోన్లలో ఆ దారి మూసేశారు. నన్నడిగితే మంచి పనే చేశారు. సర్వర్ ఎవరిదో చూసుకోకపోతే, మన నెట్‌వర్క్ పేరుతో ఎవడు యాక్సెస్ పాయింట్ పెట్టినా ఫోన్ వెళ్లి వాడితోనే లాగిన్ మొదలుపెడుతుంది. అందుకే నా ఫోన్‌లో సీఏ సర్టిఫికెట్ (సర్వర్ సర్టిఫికెట్‌కి సంతకం చేసిన మూల సర్టిఫికెట్) ఎంచుకోవాలి, డొమైన్ కూడా రాయాలి. నేను సర్వర్ సర్టిఫికెట్‌లో పేరు రాసే కామన్ నేమ్ గడిలో 'రేడియస్.హోమ్.ఆర్పా' పెట్టాను కాబట్టి డొమైన్ గడిలోనూ అదే కొట్టాను.

డీబగ్ మోడ్‌లో మొదట కనిపించిన అలర్ట్ 'అన్‌నోన్ సీఏ'. సెట్టింగ్స్‌లో 'సీఏ సర్టిఫికెట్', 'వైఫై సర్టిఫికెట్' అని రెండు చోట్లుంటాయి. వైఫైకి పనికొచ్చేది రెండోది. అక్కడ పెట్టాక ఆ అలర్ట్ పోయింది, ఇంకోటి వచ్చింది. సర్టిఫికెట్ నచ్చలేదంటుంది కానీ ఎందుకో చెప్పదు.

ప్యాకెట్ సైజు అని అనుమానించాను. ఫ్రాగ్మెంట్ సైజు (ఒక్కో ముక్క పరిమాణం) డిఫాల్ట్‌గా 1024 బైట్లు. నా సర్వర్, సీఏ సర్టిఫికెట్లు రెండూ కలిపి మూడు ముక్కలుగా వెళ్తున్నాయి, మూడింటికీ ఫోన్ జవాబిస్తోంది. 600కి తగ్గిస్తే ముక్కలు పెరిగాయి, ఆగే చోటు మాత్రం అదే: చివరి ముక్క అందిన వెంటనే. అంటే దారిలో ఏదీ పోవట్లేదు, అంతా చదివాకే ఫోన్ కాదంటోంది. తేదీలు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. కీ 2048 బిట్లు, సంతకం షా-256. ఇది సర్వర్‌కి ఇచ్చిన సర్టిఫికెట్ అని చెప్పే గుర్తు (సర్వర్ ఆథెంటికేషన్ ఓఐడీ) కూడా ఉంది. టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్) 1.2 సెట్టింగ్‌ని కదిపి చూసినా ఫలితం లేదు.

దారి చూపించింది ఈఏపీఓఎల్-టెస్ట్ అనే పరీక్ష ప్రోగ్రామ్. ఇది డబ్ల్యూపీఏ-సప్లికెంట్ (వైఫై లాగిన్ నడిపే ప్రోగ్రామ్) కోడే వాడుతుంది, ఆండ్రాయిడ్ లోపల నడిచేదీ ఆ సప్లికెంటే కాబట్టి, అదే సీఏ, అదే డొమైన్ ఇచ్చి డెస్క్‌టాప్ మీదే నడిపాను. ఇక్కడా ఫెయిల్! కాకపోతే ఈసారి కారణంతో సహా: డొమైన్ సఫిక్స్ మ్యాచ్ కాలేదు. ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో సర్టిఫికెట్ విప్పి చూస్తే, సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ (సర్వర్ పేర్లు రాసే ఇంకో గడి)లో 'రేడియస్.ఎగ్జాంపుల్.కామ్' అని దర్జాగా కూర్చుని ఉంది. సర్టిఫికెట్ తయారీ వివరాలుండే సర్వర్.సీఎన్ఎఫ్ ఫైలు అడుగున 'ఆల్ట్ నేమ్స్' అని ఒక విభాగం ఉంటుంది, అది అక్కడి నమూనా పేరు. సర్టిఫికెట్‌లో అలాంటి డీఎన్ఎస్ పేరు ఒక్కటున్నా చాలు, సప్లికెంట్ కామన్ నేమ్ వంక కన్నెత్తి కూడా చూడదు. ల్యాప్‌టాప్‌లో డొమైన్ ఇవ్వనేలేదు, ఐఫోన్‌లో 'ట్రస్ట్' నేనే నొక్కాను, కాబట్టి ఆ రెండూ పట్టించుకోలేదు. సర్టిఫికెట్‌లో పెట్టే పేరుకు డీఎన్ఎస్‌లో అసలు రికార్డే అక్కర్లేదు, ఎందుకంటే ఈ పోలిక జరిగేటప్పటికి ఫోన్‌కి ఇంకా నెట్‌వర్కే ఉండదు.

ఆ నమూనా పేరున్న లైను మార్చి, సర్వర్ ఫైళ్లు మాత్రమే చెరిపి, సర్టిఫికెట్ తయారు చేసే మేక్ కమాండ్ మళ్లీ కొట్టాను. 'డిస్ట్రాయ్‌సర్ట్స్' వాడకండి, సీఏ కూడా పోతుంది, ప్రతి ఫోన్‌లో మళ్లీ మొదటికొస్తుంది. పనిలో పనిగా గడువు కూడా పెంచాను. డిఫాల్ట్ 60 రోజులు, ఇంటికి అది మరీ తక్కువ. ఆపిల్ పరికరాలు 825 రోజులు దాటిన టీఎల్ఎస్ సర్వర్ సర్టిఫికెట్లను ఒప్పుకోవు, అందుకని 800 పెట్టాను.

పీఈఏపీ మీద నాకు పెద్ద ప్రేమేం లేదు. దాని లోపల పాస్‌వర్డ్ సరిచూసే ఎంఎస్‌చాప్ కోసం పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టుగానో ఎన్‌టీ హ్యాష్‌గానో దాచాలి, బీక్రిప్ట్ లాంటి గట్టి హ్యాష్‌లు కుదరవు. మా ఫోన్లకు ఈఏపీ-టీఎల్ఎస్ (పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనే సర్టిఫికెట్) పెట్టి, చుట్టాలకు మాత్రం పీఈఏపీ ఉంచుతాను. ఆ తర్వాత వీల్యాన్లు (ఒకే వైఫైలో విడివిడి నెట్‌వర్కులు), అందుకు సర్వర్ పంపాల్సిన విలువలు: టన్నెల్ టైప్ 13, మీడియం టైప్ 6, గ్రూప్ ఐడీ మనిషిని బట్టి. టీవీకీ ప్రింటర్‌కీ ఎంటర్‌ప్రైజ్ తెలియదు కాబట్టి మామూలు పాస్‌వర్డ్‌తో ఒక ఎస్ఎస్ఐడీ (వైఫై పేరు) ఎలాగూ ఉంచాలి. డెస్క్‌టాప్ ఆగితే ఇంటిల్లిపాదికీ వైఫై పోతుందన్న టెన్షన్‌కీ ప్రస్తుతానికి అదే మందు. సర్వర్‌ని ఇన్వర్టర్ లైను మీద నడిచే చిన్న థిన్ క్లయింట్ (బుల్లి కంప్యూటర్)కి మార్చాలి, సెకండ్ హ్యాండ్‌వి చూస్తున్నాను.