భూతద్దం పెట్టి కొన్న బొమ్మ

మొదటిసారి ఆర్ట్ ప్రింటు (అచ్చుతీసిన బొమ్మ) కొన్నప్పుడు నాకు తెలిసిందల్లా 'లిమిటెడ్ ఎడిషన్', అంటే లెక్కపెట్టి ఇన్నే అని తీసిన ప్రతులు, అన్న మాట ఒక్కటే. ఆన్‌లైన్‌లో 6,500 పెట్టాను. నీలం, కాషాయం కలిసిన నైరూప్య చిత్రం, కింద సంతకం, 37/250 అని నంబరు, అంటే 250 ప్రతుల్లో 37వది. బొమ్మలు వేసే స్నేహితుడు ఇంటికొచ్చి, నాన్నగారు పేపరు చదివే భూతద్దం తెమ్మన్నాడు. రంగు నిండా పిండి జల్లినట్టు సన్నటి చుక్కలు. సంతకం కూడా చుక్కలే! ఇంక్‌జెట్ కాపీ అన్నమాట. అలా తీసినా, చేత్తో సంతకం పెట్టి పద్ధతిగా అమ్మే కళాకారులు ఉన్నారు. ఇది ఆ బాపతు కాదు.

ఆ రోజే వాడు చేత్తో ప్రింట్లు తీసిన కళాకారుడు కృష్ణారెడ్డి గారి గురించి చెప్పాడు. 1925లో మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ల వర్క్‌షాపులో పనిచేసిన మనిషి. అక్కడ రూపుదిద్దుకున్న విస్కాసిటీ (సిరా చిక్కదనం) పద్ధతిలో ఆయనది పెద్ద చెయ్యి. ఒకే లోహపు రేకును వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. సిరాల్లో అవిసె నూనె ఎక్కువ తక్కువలుగా కలుపుతారు. మెత్తటి రోలరు గుంటల దాకా దిగుతుంది, గట్టిది పైపైనే తాకుతుంది. పల్చటి సిరా ఉన్నచోట చిక్కటిది అంటదు. అలా అన్ని రంగులూ ఒక్క అచ్చులోనే పడతాయి. ప్రతిసారీ చేత్తోనే సిరా పట్టించాలి కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకేలా రావు.

ఆయన ప్రింటు కొనే తాహతు నాకెక్కడిది? అదే పద్ధతిలో పనిచేసే ఒక యువ కళాకారిణి దగ్గరికి తీసుకెళ్లాడు స్నేహితుడు. ఈసారి బొమ్మకన్నా ముందు కింది అంచు చూశాను. ఎడమవైపు 8/20, కుడివైపు సంతకం, రెండూ పెన్సిల్‌తోనే. చుట్టూ రేకు నొక్కుకున్న గుర్తు. "ఈ ఇరవై కాక ఇంకెన్ని తీశారండీ?" అని మొహమాటపడుతూనే అడిగాను. "నా కోసం రెండు ఏ.పి.లు, అంటే ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు" అంటూ ఆవిడ రేకు తెచ్చి చూపించారు. మళ్లీ అచ్చు తీయకుండా దాని మీద అడ్డంగా లోతైన గీత గీసేశారు. చూస్తే ప్రాణం ఉసూరుమంది.

8, 11 పక్కపక్కన పెట్టారు. పదకొండులో ఆకుపచ్చ కాస్త చిక్కగా ఉంది, అదే తీసుకున్నా. తొమ్మిది వేలు. చిన్న నంబరైతే గొప్ప అనుకునేవాణ్ణి. నంబర్లు చాలాసార్లు అచ్చు తీసిన వరసలో ఉండవట.

అసలు టెన్షన్ ఫ్రేము షాపులో. షాపాయన అంచులు కత్తిరించి, వెనక అట్టకు జిగురు పూసి అంటించబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. అంచు పోతే నంబరూ, సంతకమూ పోయినట్టే కదా! చివరికి ఆమ్లం లేని మౌంటు బోర్డు నేనే తెచ్చిచ్చి, పైన రెండుచోట్ల మాత్రమే పల్చటి కాగితంతో, గంజితో అంటింపించాను. మూడు వేలు దాటింది.

ఎండ పడని హాలు గోడకు తగిలించాను. అమ్మ తల అటూ ఇటూ వంచి చూసి, "తలకిందులుగా పెట్టావేమో చూడరా" అంది.

"సంతకం కిందే ఉంది కదమ్మా" అన్నాను.