బ్రిజిడ్ శిలువ ఇంటికొచ్చే వారం: ఐర్లాండ్‌లోని తెలుగు అమ్మానాన్నలకు

జనవరి నెలాఖరులో ఐర్లాండ్ ప్రైమరీ స్కూళ్ల పిల్లలు చాలామంది గడ్డితో అల్లిన శిలువ పట్టుకుని ఇంటికొస్తారు. ఫిబ్రవరి 1 సెయింట్ బ్రిజిడ్ పండుగ. 2023 నుంచి ఆమె పేరిట ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు: ఫిబ్రవరి మొదటి సోమవారం, ఒకటో తేదీ శుక్రవారం పడితే ఆ రోజే. ఎవరమ్మా ఈవిడ అని పిల్లలు అడిగితే ‘వాళ్ల దేవతలే’ అని దాటేయకండి. మనలో బాప్టిస్టు, లూథరన్ ఇళ్లలో పెరిగినవాళ్లకు కూడా పునీతుల (సెయింట్ల) కథలు పెద్దగా తెలియవు కాబట్టి ఇది అందరికీ పనికొస్తుంది.

బ్రిజిడ్ 451 ప్రాంతంలో పుట్టి 525 ప్రాంతంలో పోయిందని చెబుతారు. తండ్రి ఒక దొర, తల్లి బానిస. బానిస కడుపున పుట్టింది గనక తనూ బానిసే. చేతికందిందల్లా పేదలకు పెట్టేస్తోందని విసిగిపోయి, ఆమెను లైన్‌స్టర్ రాజుకు అమ్మేద్దామని తండ్రి రథంలో తీసుకెళ్లాడట. తను లోపల బేరం ఆడుతుంటే, బయట రథంలో వదిలిన కత్తిని ఆమె ఒక కుష్ఠురోగికి ఇచ్చేసింది. పిల్లలకు ముందు చెప్పాల్సిన ఘట్టం ఇదే. బానిసత్వం అన్న మాట దాచకండి, అది తీసేస్తే కథలో పస ఉండదు.

తర్వాత ఆమె కిల్డేర్‌లో మఠం పెట్టి, స్త్రీలూ పురుషులూ ఉండే ఆ చోటికి పెద్దగా నిలిచింది. కాగిటోసస్ అనే సన్యాసి ఆమె జీవితం రాసింది ఏడో శతాబ్దంలో, అంటే ఆమె పోయిన వందేళ్లకు పైగా గడిచాక. దుప్పటి పరిస్తే అది మైళ్ల కొద్దీ పరుచుకుని మఠానికి భూమి దక్కిందన్న కథను మహిమగానే చెప్పండి, చరిత్ర అనకండి. క్రైస్తవానికి ముందు అదే పేరుతో ఐర్లాండ్‌లో ఒక దేవత ఉండేది. ఆ సంగతీ చెప్పొచ్చు. ‘మన లక్ష్మీదేవి లాంటిదే’ అని మాత్రం తేల్చేయకండి. అలా పోలిస్తే ఇద్దరి కథలూ పిల్లలకు అందవు.

చావుబతుకుల్లో ఉన్న ఒక దొర పక్కన కూర్చుని, నేల మీద పరిచిన గడ్డితో శిలువ అల్లి చూపించిందన్నది జనం నోట నిలిచిన కథ. ఆ గడ్డి పేరు రష్. మన తుంగ కాడ మూడు పలకలుగా ఉంటుంది, ఇది గుండ్రంగా ఉండి లోపల తెల్లటి బెండు ఉంటుంది. చిత్తడి పొలాల్లో దొరుకుతుంది, రైతును అడిగి తెచ్చుకోండి. కొయ్యకుండా పీకడం ఆనవాయితీ.

ఒక శిలువకు 30 సెంటీమీటర్ల కాడలు 16 దాకా, రబ్బరు బ్యాండ్లు నాలుగు చాలు. ఒక కాడను నిలువుగా పట్టుకోండి. రెండోదాన్ని సగానికి మడిచి, దాని నడుముకు తొడిగి, కొసలు కుడివైపుకు ఉంచండి. మొత్తాన్ని గడియారానికి ఎదురు దిశలో పావు చుట్టు తిప్పండి. మూడోదాన్ని ఇప్పుడు పైకి చూస్తున్న కాడల మీద మడిచి, మళ్లీ కొసలు కుడికి. తిప్పడం, మడవడం, అంతే. ప్రతి మడతనూ బొటనవేలితో మధ్యలోకి నెట్టాలి. చివరికి నాలుగు చేతులకూ బ్యాండ్లు వేసి కొసలు సమంగా కత్తిరించండి.

చెడేది ఎక్కువగా రెండు చోట్ల. పిల్లలు మధ్యలో తిప్పే దిక్కు మార్చేస్తారు, దాంతో అల్లిక విడిపోతుంది. రెండోది, ఎండిన కాడలు మడతలో పుటుక్కుమంటాయి. అలాంటివాటిని మెత్తబడేదాకా నీళ్లలో నానబెట్టండి. పచ్చివైతే ఆరాక సన్నబడి కట్లు వదులవుతాయి, వారం పోయాక మళ్లీ బిగించాలి. ఐదేళ్ల లోపు వాళ్లకు పైప్ క్లీనర్లే (నూగు చుట్టిన మెత్తటి తీగలు) నయం.

ఇంటికి నిప్పు తగలకుండా దీన్ని గుమ్మం పైన కడతారు. మామిడి తోరణం పక్కన కట్టుకోవాలా, పిల్లల బల్ల మీద పెట్టుకోవాలా అన్నది మీ ఇంటి ఇష్టం. శిలువ అల్లినంత మాత్రాన మతబోధలో కూర్చున్నట్టు కాదు. మతబోధ వద్దనుకుంటే ప్రభుత్వ నిధులు తీసుకునే స్కూళ్లలో పిల్లల్ని దానికి పంపకుండా ఉండే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది, టీచర్‌కు ముందే చెప్పండి.

సెలవు రోజు కిల్డేర్ వెళితే ఊరి బయట బ్రిజిడ్ బావి దగ్గర చెట్టుకు మొక్కుల గుడ్డపీలికలు కనిపిస్తాయి. మీ పిల్లలూ కడతామంటే నూలు గుడ్డ ఇవ్వండి. నైలాన్ రిబ్బన్లు కుళ్లవు, కొమ్మను కోసేస్తాయి.