పువ్వు కోసం కూర్చున్నా సరే, లేచేదెలా?

మొన్న కార్తీకమాసంలో పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తుంటే విష్ణుక్రాంతం కనిపించింది. వినాయకచవితికి ఏటా "విష్ణుక్రాంతపత్రం పూజయామి" అని గడగడా చదివేయడమే తప్ప, దాని పువ్వుని నేను ఎప్పుడూ నిలబడి చూసింది లేదు. చొక్కా గుండీ కంటే చిన్నది, లేత నీలం, మధ్యలో తెల్లటి చుక్క. నిలబడే ఫొటో తీస్తే గడ్డిలో ఎవరో పెన్ను విదిలించినట్టు వచ్చింది. సరే, కూర్చుని తీద్దామని కూర్చున్నాను. కూర్చోవడానికేముంది, ఆ పని భూమ్యాకర్షణ చూసుకుంటుంది. లేచే దగ్గరే వచ్చింది తంటా.

నాకు 68. కుడి మోకాలు నాలుగేళ్ళ కిందట మార్పించుకున్నాను, ఎడమది ఇంకా నాదే గానీ నా మాట వినదు. ఒక చేత్తో గడ్డి, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఇటో తిప్పలు అటో తిప్పలు పడుతుంటే సైకిల్ మీద పాలు పోసే అబ్బాయి ఆగి "పడిపోయారా మామ్మగారూ?" అన్నాడు. "లేదు బాబూ, ఫొటో తీస్తున్నా" అన్నాను. వాడు చుట్టూ ఒకసారి చూసి "ఎవర్ని?" అన్నాడు.

ఇంటికొచ్చి మావారికి చెప్తే "కోసుకొచ్చి టేబుల్ మీద పెట్టుకుని తీసుకోవచ్చుగా" అన్నారు. ఆ పువ్వు కోస్తే ఇంటికొచ్చేలోపే ముడుచుకుపోతుంది, అది వేరే సంగతి. కానీ ఆయన మాటలో సగం పనికొచ్చే ముక్క ఉందని నాకు తర్వాత తెలిసొచ్చింది, దాని దగ్గరికి వస్తాను.

పూల ఫొటోల గురించి నెట్‌లో ఏ వీడియో పెట్టినా మొదటి సలహా ఒకటే, పువ్వు ఎత్తుకి మీరు దిగండి, అవసరమైతే బోర్లా పడుకోండి అని. చెప్పేవాళ్ళకి పాతికేళ్ళుంటాయి. నేను బోర్లా పడుకుంటే లేపడానికి నలుగురు రావాలి, ఈ వయసులో నలుగురు రావడం అన్న మాట ఇంట్లో ఎవరికీ నచ్చదు. అయితే సలహా తప్పు కాదు. పైనుంచి తీస్తే పువ్వు వెనకాల ఉండేది మట్టి, ఎండుటాకులు, మన చెప్పులు. కిందనుంచి తీస్తే వెనకాల ఆకాశమో, దూరంగా మసగ్గా చెట్లో వస్తాయి, బెత్తెడు మొక్క కూడా చెట్టంత ఠీవిగా నిలబడుతుంది. కాకపోతే అంత కిందికి దిగాల్సింది లెన్సు ఒక్కటే, దాంతోపాటు మనం కూడా దిగాలని రూలేం లేదు.

పాతరోజుల్లో స్టూడియోవాళ్ళ మెడలో యాషికా కెమెరా వేలాడుతుండేది గుర్తుందా, రెండు లెన్సులది, పెళ్ళిళ్ళలో ఫొటోగ్రాఫరు తల వంచి పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి చూసేవాడు? అదే నేల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని పైనుంచి చూస్తే సరిపోయేది, కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయన్న ఒక్క బాధ తప్ప. ఇప్పుడు తెర బయటికి తెరుచుకుని పైకి తిరిగే కెమెరాలు చేసేది అదే పని. కొత్తగా కెమెరా కొనుక్కునే పెద్దవాళ్ళెవరైనా అడిగితే మెగాపిక్సెల్స్ సంగతి తర్వాత, తెర తిరుగుతుందో లేదో ముందు చూడమంటాను. తిరగని తెర ఉన్న పాత కెమెరా ఇంట్లో ఉన్నా, దాంట్లో వైఫై ఉంటే ఆ కంపెనీ యాప్ ఫోన్‌లో వేసుకుని, కెమెరాని నేల మీద ఉంచి బొమ్మ ఫోన్‌లో చూస్తూ నొక్కొచ్చు. నా దగ్గర కెమెరా లేదు, ఫోనే. మిగతాదంతా ఫోన్ సంగతే.

నాకు బాగా పనికొచ్చిన చిట్కా పైసా ఖర్చు లేనిది. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకోండి. ఫోన్ పొడవు ఆరంగుళాల పైమాటే, లెన్సు ఉండేది పై చివర. మామూలుగా నేలకి ఆనించి నిలబెట్టినా లెన్సు ఐదారంగుళాల ఎత్తులో ఉంటుంది, విష్ణుక్రాంతం, పల్లేరు పువ్వు లాంటివి అంతకంటే కిందే పూస్తాయి కాబట్టి మళ్ళీ పైనుంచి చూసినట్టే వస్తుంది. తిరగేసి పెడితే లెన్సు నేలకి అంగుళం ఎత్తులోకి వచ్చేస్తుంది, గడ్డి చామంతి మనకంటే పొడుగైపోతుంది. ఫొటో తలకిందులుగా వస్తుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు, ఎటు పైనో ఫోన్ కనిపెట్టి నిటారుగానే సేవ్ చేసుకుంటుంది. ఇంకో లాభం, వాల్యూమ్ బటన్‌తో కూడా ఫొటో తీయొచ్చు కాబట్టి తెర మీద గుండ్రం ఎక్కడుందో వేలితో వెతుక్కోనక్కర్లేదు.

చిక్కేమిటంటే అంత కిందపెట్టాక తెర సరిగ్గా కనిపించదు. అందుకని ముందే పువ్వు మీద వేలు కాసేపు అదిమి ఫోకస్ లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరుపుతాను, లేకపోతే ఆకాశం వెలుగుకి పువ్వు నల్లగా మాడిపోయినట్టు వస్తుంది. తర్వాత ఫోన్‌ని వెనక్కీ ముందుకీ పోనివ్వకుండా, కాస్త అటూ కాస్త ఇటూ వంచుతూ ఇరవై ముప్పై నొక్కేస్తాను. అందులో రెండు బాగుంటే చాలు. ఫిల్ము రోజుల్లో ఇలా తీసుంటే మావారు నన్ను ఇంట్లోకి రానిచ్చేవారు కాదు.

ఇక కూర్చునే సంగతి. పెరట్లో అంట్లు తోముకునే పీట లాంటివి ఫొటోలకి అక్కర్లేదు, వాటిమీద కూర్చుంటే మోకాలు తుంటికంటే పైకి వస్తుంది, అప్పుడు లేవడానికి చేతులూ గోడా దేవుడూ అందరూ కావాలి. తుంటి మోకాలి కంటే కొంచెం ఎత్తుగా ఉండేలా కుర్చీ చూసుకోమని నాకు ఫిజియోథెరపీ చేసినమ్మాయి చెప్పింది, వాకింగ్‌లో అది బాగా పనికొచ్చింది. నేను మడతపెట్టే కుర్చీ, చేతులున్నది, తీసుకెళ్తాను. చేతులు లేని స్టూలు తేలిగ్గా ఉంటుంది గానీ లేచేటప్పుడు ఆనుకోవడానికి ఏమీ ఉండదు. గడ్డిలో కుర్చీ కాళ్ళు దిగబడి ఒకవైపుకి ఒరుగుతుంది, కింద చిన్న చెక్కముక్క వేస్తే సరి. వేసే ముందు కర్రతో గడ్డి ఒకసారి కదిలించండి, కాలవగట్ల మీద మనకంటే ముందొచ్చి కూర్చున్నవాళ్ళు ఉంటారు. షుగర్ ఉండి అరికాళ్ళు తిమ్మిరిగా ఉండేవాళ్ళు బూట్లు వేసుకునే వెళ్ళండి. పల్లేరు పువ్వు చూడ్డానికి పసుప్పచ్చగా ముద్దుగానే ఉంటుంది, కాయ దిగితే తెలుస్తుంది. అసలు తెలియకపోతే ఇంకా ప్రమాదం.

కుర్చీలో కూర్చుని కూడా నేలదాకా వంగి చెయ్యి చాపొద్దు. నేను బీపీ మాత్ర వేసుకుంటాను, తల కిందికి పెట్టి గబుక్కున లేస్తే లోకమంతా ఒక చుట్టు తిరుగుతుంది. సెల్ఫీ స్టిక్ ఉంది కదా, అందరూ ఆకాశం వైపు పెట్టేది, దాన్ని నేల వైపు పెట్టండి. ఫోన్ తలకిందులుగా చివర వేలాడుతుంది, బ్లూటూత్ బటన్ మన చేతిలో ఉంటుంది. బటన్ లేకపోతే చాలా ఫోన్లలో వైరు ఇయర్‌ఫోన్ మీద ఉండే వాల్యూమ్ బటన్ కూడా ఫొటో తీస్తుంది, అదీ లేకపోతే మూడు సెకన్ల టైమర్. ఫోన్ బరువుకి మణికట్టు లాగుతుంది కాబట్టి గాల్లో పట్టుకోకుండా చివర్ని దేనిమీదైనా ఆనించాలి. నేను పాత జాకెట్టు గుడ్డతో చిన్న సంచి కుట్టి అరకిలో బియ్యం పోశాను. నిండా పోయొద్దు, సగానికి పైన కొంచెం చాలు, అప్పుడే ఫోన్ అందులో గుంట చేసుకుని కదలకుండా కూర్చుంటుంది. మొదట్లో నిండా పోసి బిగించి కుట్టాను, బంతిలా తయారై ఫోన్ ప్రతిసారీ జారి మట్టిలో పడింది.

చేతికర్రకే హోల్డర్ బిగించుకుంటే రెండు పనులూ అవుతాయి కదా అని తెలివైన ఆలోచన ఒకటి చేశాను. చెయ్యకండి. ఫోన్ కట్టిన కర్ర మీద అలవాటుగా బరువు వేస్తాం, అప్పుడు ఫోనైనా పోతుంది, మనమైనా పోతాం.

ఇప్పుడు మావారి మాట. పువ్వు దగ్గరికి మనం దిగలేనప్పుడు పువ్వునే పైకి తెచ్చుకోవచ్చు, కొయ్యకుండా. మాకు కడియం దగ్గరే, కడియపులంక నర్సరీల్లో డిసెంబరు, జనవరిలో బంతీ చామంతీ కుండీలు నేలంతా పరిచేసి ఉంటాయి. అడిగితే ఒక కుండీ తీసి అరుగు మీద పెడతారు, ఆ ఎత్తులో కుర్చీలోంచే పువ్వు కిందికి లెన్సు పెట్టొచ్చు, వెనకాల నేల మీదున్న మిగతా వందల కుండీలూ రంగులు కలిపేసినట్టు వస్తాయి. మర్యాదకి ఒక కుండీ కొనుక్కోండి. కాలవగట్టుకి మెట్లున్నచోట నాలుగు మెట్లు కిందికి దిగి పక్కకి తిరిగితే గట్టు మీది గడ్డిపువ్వు ఛాతీ ఎత్తులో ఉంటుంది, ఒక చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి సుమా. ఇంట్లో అయితే పిట్టగోడ ఉండనే ఉంది. తుమ్మి మొక్క ఒకటి వేళ్ళతో తెచ్చి కుండీలో పెట్టి పిట్టగోడ మీదికి ఎక్కించాను. కలుపుమొక్కకి కుండీయా అని పనమ్మాయి నవ్వింది గానీ, ఆ తెల్లటి పూలు బంతుల్లాంటి గుత్తుల్లోంచి నాలుకలు చాపుతున్నట్టుండే ఫొటో నేను తీసినవాటిల్లో నాకు అన్నిటికంటే ఇష్టం.

పొద్దున్నే లేవగానే కీళ్ళు పట్టేసి ఉంటాయి, ఆరింటికి మంచు బిందువులతో ఫొటోలు నావల్ల కాదు. అలాంటివాళ్ళ కోసమే పుట్టాయి నాచుపూలు, గడ్డి గులాబీలంటారు చూడండి, అవి. ఎండెక్కితే గానీ విచ్చుకోవు. తొమ్మిదిన్నర పదికి కాఫీ, టిఫినూ అయి, మాత్ర పడి, మోకాళ్ళు కదిలేసరికి అవీ లేస్తాయి. మధ్యాహ్నం మనం కునుకు తీసే వేళకి అవీ ముడుచుకుంటాయి. విష్ణుక్రాంతం మాత్రం పొద్దున పూటే, అందుకే దాంతో నాకు ఇంకా పేచీ.

పక్కింటి పిన్నిగారికి 79, పక్షవాతం వచ్చాక ఎడమచెయ్యి స్వాధీనంలో లేదు, చక్రాల కుర్చీ. రోజూ పొద్దున్నే ఎవరో పంపిన గులాబీల గుడ్ మార్నింగ్‌లు ముప్పై మందికి ఫార్వర్డ్ చేస్తుంటే చూడలేక, నాచుపూల కుండీ తీసుకెళ్ళి ఆవిడ వరండా టేబుల్ మీద పెట్టాను. కుండీ కింద స్టీలు పళ్ళెం. నున్నటి టేబుల్ మీద పళ్ళెం అంచు పట్టుకుని తిప్పితే కుండీ అంతా తిరుగుతుంది, ఏ పువ్వు కావాలంటే అది ముందుకొస్తుంది, కుర్చీ జరపక్కర్లేదు. ఫోన్ బియ్యం సంచి మీద తలకిందులుగా, బటన్ కుడిచేతిలో. మొదటిరోజు ఎనభై తీశారు, డెబ్భై తొమ్మిదింట్లో వేలో పళ్ళెమో గోడో ఉంది.

ఎనభయ్యోది మాత్రం, ఏం చెప్పను, గులాబీరంగు రేకుల్లోంచి ఎండ దిగి పువ్వు లోపల దీపం పెట్టినట్టుంది. వెనకాల మసగ్గా ఆకుపచ్చ రంగు అలలా తేలుతోంది. తీరా చూస్తే అది దండెం మీద ఆరేసిన చీర. "పిన్నిగారూ, ఆ పక్క కొంచెం కత్తిరించేస్తా, పువ్వొక్కటే బాగా కనిపిస్తుంది" అన్నాను. ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నారు. "ఉండనీవే, అది మా అమ్మాయి పెట్టిన చీర, అదీ చూస్తుంది" అని ముప్పై మందికీ పంపేశారు.