సెమిలిగుడ చలికి పెల్లెట్ బాయిలర్: ముందు ఇంధనం, తరువాత యంత్రం

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఉన్న మా సెమిలిగుడలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందకు దిగడం ఏటా చూసేదే. ఘాటు కింద సాలూరులో ఉన్న బంధువులకు ఈ మాట చెబితే ఇంకో రగ్గు కప్పుకోమంటారు గాని, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఉమ్మడి కుటుంబంలో ప్రతి ఉదయం అందరికీ వేడినీళ్లు అమర్చడం ఎంత పనో వారికి తెలియదు. మా ఇంట్లో ఆ పనంతా నడిమి గొట్టంలో కట్టెలు వేసే రాగి బాయిలరే చేసేది. ఎండిన కట్టె దొరకడం గగనమైపోయాక పెల్లెట్ బాయిలర్, అంటే పొట్టు, ఊక వంటివాటిని గట్టిగా ఒత్తి చేసిన చిన్న కడ్డీ ముక్కలను (పెల్లెట్లను) కాల్చే బాయిలర్ పెట్టించాము. దాని గురించి అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే: మీకు ఏడాది పొడవునా ఏ పెల్లెట్ దొరుకుతుందో ముందు తేల్చుకుని, ఆ తరువాతే బాయిలర్ బేరమాడండి.

1973 నాటి చమురు సంక్షోభం తరువాత అమెరికాలో ప్రచారంలోకి వచ్చిన ఈ ఇంధనాన్ని ఇళ్ల వేడికి పూర్తి స్థాయిలో అమర్చుకున్నవి ఆస్ట్రియా, జర్మనీ, స్వీడన్ వంటి చలి దేశాలు. అక్కడి ‘ఇఎన్ ప్లస్ ఎ1’ ప్రమాణం ప్రకారం పెల్లెట్ మందం 6 లేదా 8 మిల్లీమీటర్లు, తేమ 10 శాతానికి మించరాదు, బూడిద 0.7 శాతం దాటరాదు. అక్కడి బాయిలర్ ఆ సరుకును దృష్టిలో పెట్టుకుని తయారైనదే. మన దగ్గర దొరికేది అది కాదు. రంపపు పొట్టు, వేరుశనగ తొక్క, పత్తికట్టె, ధాన్యపు ఊక, వీటిలో ఏది చవకగా దొరికితే దాన్ని ఒత్తి పెల్లెట్ అంటారు. చూపుకు అన్నీ ఒకేలా ఉంటాయి.

తేడా మంటలో తెలుస్తుంది. జయపురం మిల్లుల నుంచి ఊక కావలసినంత వస్తుంది కాబట్టి ఊక పెల్లెట్ చవక. అయితే ఊకలో బూడిద 15 నుంచి 20 శాతం, అందులో అధిక భాగం సిలికా. కాలిన తరువాత కూడా ఆ బూడిద పెల్లెట్ ఆకారంలోనే నిలిచి, పెల్లెట్లు కాలే మంట గిన్నె అడుగున గాలి రంధ్రాలను కప్పేస్తుంది. పైగా ఆ గరుకుదనానికి పెల్లెట్‌ను నెట్టే మరచుట్టు త్వరగా అరిగిపోతుంది. వేరుశనగ తొక్కలోను, పత్తికట్టెలోను ఉండే పొటాషియం వల్ల బూడిద తక్కువ వేడికే కరిగి చిట్టెంగా గడ్డకడుతుంది. ఉదయం నిప్పు ఆరిపోయిందంటే తొంభై పాళ్లు దాని పనే. జీడి తొక్క మాట కూడా మా వైపు వినిపిస్తుంది. అందులోని నూనె చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది, దాని పొగ కళ్లను మండిస్తుంది. ఇంటి బాయిలర్‌కు అది పనికిరాదు. ప్లైవుడ్ పొట్టు కలిసిన సరుకైతే జిగురు కూడా కాలుతుంది కనుక దాన్ని నేను గుమ్మం తొక్కనివ్వను.

సరుకు కొనేముందు నేను చేసే పరీక్షకు వంటింటి కాటా చాలు. 100 గ్రాముల పెల్లెట్లను ఆరుబయట ఇనుప మూకుడులో మసి మిగలకుండా పూర్తిగా కాల్చి, చల్లారాక బూడిదను తూచాలి. ఒక గ్రాము అటూఇటూగా ఉంటే అది మంచి కట్టె పొట్టు. ఐదారు గ్రాములుంటే తొక్క ఏదో కలిసింది. 15 దాటితే అది ఊకే. బూడిదను వేళ్లతో నలిపితే పొడి కావాలి, గాజుపెంకులా తగిలితే ఆ బస్తా వద్దు. గ్లాసు నీళ్లలో వేసినప్పుడు గట్టిగా ఒత్తిన పెల్లెట్ మునుగుతుంది, ఒత్తిడి చాలనిది తేలుతుంది.

ఇక బాయిలర్ ఎంత పెద్దది కావాలన్నది లెక్క కట్టి తేల్చవలసిన విషయం. 200 లీటర్ల నీటిని 15 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి 6,000 కిలో కేలరీలు కావాలి. గీజరు అయితే సుమారు 7 యూనిట్ల కరెంటు. కిలోకు 4,000 కిలో కేలరీలిచ్చే పెల్లెట్‌ను 70 శాతం సామర్థ్యంతో కాల్చితే రెండు కిలోల పైచిలుకు సరిపోతుంది. గదులకు కూడా వేడి కావాలంటే, తొమ్మిదంగుళాల గోడ, స్లాబు ఉన్న ఒక మోస్తరు గదికి బయట 6 డిగ్రీలు, లోపల 18 డిగ్రీలు అనుకున్నా ఒకటిన్నర కిలోవాట్లకు మించదు. మూడు గదులకు కలిపి ఐదు కిలోవాట్లు చాలినప్పుడు, అమ్మేవారు ‘ఉంటే మంచిదే కదండీ’ అంటూ అంటగట్టే 20 కిలోవాట్ల యంత్రం దండగ. అది నిమిషాల్లో వేడెక్కి ఆగిపోతుంది, మళ్లీ అంటుకుంటుంది. ప్రతి అంటింపులోనూ పొగ, మసి, కరెంటు ఖర్చు. రెండు నెలల చలి కోసం ఇల్లంతా రేడియేటర్లు (వేడినీళ్లు పారి గదిని వేడిచేసే పలకలు) పెట్టించడం నాకు సబబుగా తోచలేదు కాబట్టి, పెద్దవాళ్లు పడుకునే ఒక్క గదికి పెట్టించి, మిగిలిన వేడిని వేడి పోకుండా మందపాటి తొడుగు చుట్టిన నీళ్ల ట్యాంకులో నిలవ చేస్తున్నాము.

కరెంటు కోత సంగతి కూడా కొనేముందే ఆలోచించాలి. మరచుట్టు, ఫ్యాను ఆగిపోయినా గిన్నెలో నిప్పు, గొట్టాల్లో వేడి ఉంటాయి. అందువల్ల ఆవిరికి ఎప్పుడూ దారి ఉండేలా, కప్పు మీద మూతి తెరిచిన చిన్న ట్యాంకు ఉన్న పద్ధతినే నేను ఎంచుకున్నాను. నిప్పు వెనక్కు పాకి పెల్లెట్ల పెట్టెను అంటుకోకుండా అడ్డుపడే ఏర్పాటు ఏమిటో అమ్మేవారిని అడిగి, విప్పి చూపించమనండి. చూపించలేని యంత్రం ఎంత చవకైనా వద్దు. బాయిలర్‌లోకి తిరిగి వచ్చే నీరు 55 డిగ్రీలకు తగ్గితే పొగలోని తేమ లోపలి రేకు మీద చెమ్మగా చేరి తుప్పు పట్టిస్తుంది; తిరుగు నీటిలో వేడినీటిని కలిపే వాల్వు దానికి విరుగుడు.

మా వానల్లో నిలవ పెద్ద సమస్య. తేమ తగిలిన పెల్లెట్ ఉబ్బి తిరిగి పొట్టవుతుంది. ప్లాస్టిక్ పొర ఉన్న బస్తాలను నేలకు ఆనకుండా చెక్కల మీద పేర్చాలి, గోడకు జానెడు ఎడం ఉంచాలి. ఆ కొట్టును పూర్తిగా మూసివేయకూడదు. నిలవ ఉన్న పెల్లెట్ల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. యూరప్‌లో ఇటువంటి కొట్లలోకి దిగి మనుషులు చనిపోయారు. తలుపులు బిడాయించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునే అలవాటు మా చుట్టుపక్కల ఇంకా ఉంది, అందులోనూ ప్రాణం తీసేది ఇదే వాయువు.

బూడిద పెట్టెను రెండు మూడు రోజులకొకసారి తీస్తాము. పైకి చల్లగా కనిపించినా లోపల కణికలు మరునాటి దాకా ఉండవచ్చు కాబట్టి మూత ఉన్న ఇనుప డబ్బాలోనే పోసి ఉంచి, ఆ తరువాత చిక్కుడు పాదుకు పేనుబంక పట్టినచోట చల్లుతాము.